మండపీత కాళ్లూ, నా మార్కర్లూ

పీహెచ్‌డీ మూడో ఏడు సగానికొచ్చేసరికి కూడా నా చేతిలో సరిగ్గా పనిచేసే మార్కర్, అంటే పీతల్ని పోల్చి చూసే డీఎన్ఏ గుర్తు, ఒక్కటీ లేదు. కోరింగ మడ అడవుల్లో దొరికే మండపీతలు, మిగతా తీరంలో దొరికేవీ ఒకే గుంపా, వేరువేరా అన్నది తేల్చడం నా పని. దానికి మార్కర్లుగా డీఎన్ఏలో మైక్రోశాటిలైట్లు వెతకాలి. సీఏ, సీఏ, సీఏ అంటూ అవే రెండక్షరాలు వరసగా వచ్చే చోట్లు అవి. ఒక పీతలో ఆ జంట పన్నెండుసార్లు వస్తే ఇంకోదాంట్లో పద్దెనిమిదిసార్లు రావచ్చు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, ప్రతి పీతకీ రెండు కొలతలు. హేచరీలో నాలుగైదు తల్లుల పిల్లలనే పెంచి ఏట్లో వదిలితే వైవిధ్యం ఎంత తగ్గిందో కూడా ఈ కొలతలే చెబుతాయి.

నమూనా కోసం పీతను చంపక్కర్లేదు. కాలి చివర చిన్న ముక్క కత్తిరిస్తే చాలు, కుబుసం విడిచినప్పుడు మళ్లీ పెరుగుతుంది. పీత డెక్కకు, అంటే దాని పట్టకారు కాలికి, కట్టిన తాడు ఊడిన రోజు పోయిన నా బొటనవేలి గోరు కూడా అలాగే పెరిగింది లెండి.

మొదటి బ్యాచ్ సీసాల్లోనే పోయింది. కండలోని నీరు ఎథనాల్‌ని పల్చన చేస్తుంది, మర్నాడు మార్చాలి. నేను మార్చలేదు. డీఎన్ఏ ముక్కల్ని పొడవును బట్టి విడదీసే జెల్ మీద గీత రావాల్సిన చోట పొగలాంటి చార వచ్చింది, అంటే డీఎన్ఏ పాడైపోయింది. మళ్లీ పడవెక్కాను. మార్కర్‌కి అటూ ఇటూ అంటుకుని దాన్ని కాపీ చేయించే చిన్న డీఎన్ఏ ముక్కలు, అంటే ప్రైమర్లు, ముప్పై జతలు తెప్పిస్తే పనిచేసినవి పదకొండు మిగిలాయి. మధ్యలో ఒకరోజు, డీఎన్ఏ వేయకుండా ఉత్త నీళ్లు పోసిన ట్యూబులోనూ గీత వచ్చింది, అంటే ఎక్కడో వేరే డీఎన్ఏ కలిసిపోయింది. వాడుతున్న ద్రావణాలన్నీ పారబోశాను.

అసలు టెన్షన్ ఆ తర్వాత. రెండు వేర్వేరు కొలతలున్న పీతలు లెక్క ప్రకారం ఉండాల్సినన్ని లేవు. ఒకటి రెండు మార్కర్లలో అయితే ప్రైమర్ సరిగ్గా అంటుకోలేదని సర్దుకోవచ్చు. పదకొండింటిలోనూ అదే తంతు! నెల రోజులు, డీఎన్ఏని కాపీ చేసే పీసీఆర్ ఉష్ణోగ్రతలు మార్చుకుంటూ కూర్చున్నాను.

మళ్లీ రేవుకెళ్లినప్పుడు, నాకు పీతలిచ్చే బాబాయ్ నా గంపలోకి తొంగిచూశాడు.

"అదేంటమ్మా, ఎర్ర డెక్కలవీ పచ్చవీ కలిపేసుకుంటున్నావు? అవి వేరు కదా."

చిన్నగా ఉన్న ఎర్ర డెక్కలవి అదే జాతి పిల్ల పీతలనుకున్నాను. మండపీతల్లో నాలుగు జాతులున్నాయని 1998లోనే తేల్చారు, అది నేను చదివిందే. పెద్దగా పెరిగేది స్కిల్లా సెర్రాటా, ఎర్ర డెక్కలది స్కిల్లా ఒలివేసియా. పాత ఫొటోలు పెద్దవి చేసి చూశాను. సెర్రాటాకి డెక్క మణికట్టు బయటివైపు రెండు ముళ్లు కొట్టొచ్చినట్టు ఉంటాయి. చాలావాటికి లేవు. జాతిని పోల్చుకోడానికి మైటోకాండ్రియా జన్యువు చదివిస్తే తొంభై ఆరింటిలో ఇరవై ఏడు ఒలివేసియా అని వచ్చింది. రెండు జాతుల్ని ఒకే గుంపుగా లెక్కేస్తే రెండు వేర్వేరు కొలతలున్నవి తగ్గిపోయినట్టే కనిపిస్తాయి మరి.

వాటిని తీసేసి లెక్క చూస్తే తొమ్మిది మార్కర్లు సరిపోయాయి. మిగతా రెండింటిలో తప్పు ప్రైమర్లదే.

ఆ ఇరవై ఏడింటినీ పారేయలేదు. ఫ్రీజర్లో ఇప్పుడు రెండు డబ్బాలు, ఒకటి ఎర్ర మూతది, ఇంకోటి పచ్చ మూతది. ఇదంతా బాబాయ్‌కి చెబితే శ్రద్ధగా విని, "అయితే మా పీతల రేటేమన్నా పెరుగుతాదా?" అన్నాడు.