చూడ్డానికేముంది

వదిన గుర్రు పెట్టి నిద్రపోతోంది. నాకే పట్టడం లేదు.

ఫ్రాన్స్‌లో మేముండే తూర్ నుంచి ముప్పావు గంట డ్రైవింగ్, అదీ తెల్లారి లేచి పులిహోర కలిపి మరీ మాయే అనే చిన్న ఊరికి తీసుకెళ్లాను. రెండు వీధులు తిరగ్గానే "ఏముందే చూడ్డానికి? అన్నీ మామూలు ఇళ్లేగా. ఆ ఒరదూరే నయం" అంది.

ఒరదూర్ కిందటిసారి వచ్చినప్పుడు చూపించాను. 1944 జూన్ 10న నాజీ ఎస్సెస్ దళం 640 మందికి పైగా చంపేసిన ఊరు. కాలిన ఊరిని అలాగే ఉంచి, పక్కన కొత్త ఊరు కట్టారు. కప్పులేని ఓ ఇంట్లో తుప్పుపట్టిన కుట్టుమిషను ఉంది. అచ్చం అమ్మ మిషనులా సన్నటి మెడ, పక్కన చక్రం. వదిన దాని ముందు నుంచి కదల్లేదు. చిన్నోడు చాక్లెట్ కాగితం చప్పుడు చేస్తే గుడ్లురిమింది. ఆవిడ ముక్కు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది. ఆ రోజు ఇంటికొచ్చాక ఎవరం అన్నం సరిగ్గా తినలేదు.

మాయేలో అలాంటి మిషను లేదు మరి. 1944 ఆగస్టు 25, పారిస్ విడుదలై జనం వీధుల్లో పండగ చేసుకుంటున్న రోజు. ఇక్కడేమో జర్మన్ సైనికులు 124 మందిని చంపారు, అందులో 48 మంది పిల్లలు. మధ్యాహ్నం ఫిరంగులు పెట్టి మరీ ఊరిని కొట్టారు. 60 ఇళ్లలో మిగిలినవి 8. దేశమంతా పారిస్ కబుర్లే అయితే ఈ ఊరి ఊసెవరికి? దేశాధ్యక్షుడు అంటూ ఒకరు ఇక్కడికి మొదటిసారి వచ్చింది 2008లో! ఇదంతా కారులో చెబుతూనే ఉన్నాను. వింటేగా.

వదినని దులిపేద్దామనే రాయడానికి కూర్చున్నాను. కానీ కారు దిగగానే ఓ పెరట్లో ఆరేసిన దుప్పట్లు చూసి నాకూ ఉసూరుమనిపించింది. నా ఆదివారం కోసం ఆ ఊరివాళ్లు మళ్లీ ఇళ్లు కట్టుకోకుండా కాలిన గోడల మధ్యే ఉండిపోవాలా ఏంటి? చలికాలం ముంచుకొస్తుంటే ముందు కప్పు వేసుకోవాలనే చూసుంటారు. అలాగని ఒరదూర్‌ని కూడా చదును చేసి కట్టేసుంటే? ఏమో, ఆ మిషను లేకపోతే వదిన అక్కడా ఇదే మాట అనేది. నేను మాత్రం తక్కువా?

ఆ దుప్పట్లలో ఒకటి వదిన నాకు తెచ్చిన నీలం గళ్ల దుప్పటిలాగే ఉంది. చూపిద్దామని తిరిగేసరికి ఆవిడ ఫోనులో ఉంది. బోర్దో వైపు రైలొకటి గోలగా పోయింది.

పులిహోర డబ్బా కారులోనే మర్చిపోయాను. ఈపాటికి పాడైపోయే ఉంటుంది.