ఊలాంగ్‌కి మరిగే నీళ్లు, గ్రీన్ టీకి కాదు

చైనాలోని ఫూజియన్ రాష్ట్రం, అన్‌షీలో పండే తియెగ్వాన్‌యిన్ ఊలాంగ్ (గ్రీన్ టీకీ బ్లాక్ టీకీ మధ్య రకం టీ) ఆకు గట్టిగా ఉండచుట్టి వస్తుంది. అది విచ్చుకోవాలంటే 95 డిగ్రీల, అంటే దాదాపు మరిగే నీళ్లు కావాలి. 100 మిల్లీలీటర్ల మూతగిన్నెకు 6 గ్రాములు. అడుగు కూడా సరిగా కప్పదనిపిస్తుంది గానీ, విచ్చుకున్నాక మూతను తోసేస్తుంది. మొదటి నీళ్లు 5 సెకన్లలో పారబోయండి. తర్వాత 20 సెకన్లు నాననిచ్చి వంచాలి, చుక్క మిగలకుండా. మిగిలిందా, ఆకు అందులోనే నాని తర్వాతి విడత వగరెక్కుతుంది. ప్రతిసారీ కొన్ని సెకన్లు పెంచుతూ ఆరు విడతలు తీయొచ్చు. పూల వాసన తగ్గి, గొంతులో తీపి నిలిచే నాలుగోదే అసలు రుచి.

హాంగ్‌జౌ లుంగ్‌జింగ్ గ్రీన్ టీకి ఇంత వేడి పనికిరాదు. వగరునిచ్చే క్యాటెకిన్లు, కెఫీన్ ఒక్కసారిగా దిగి చేదెక్కుతుంది. 80 డిగ్రీలు, 150 మిల్లీలీటర్లకు 3 గ్రాములు, రెండు నిమిషాలు. పాలు పోయాలనిపిస్తే అస్సాం పొడి కొనుక్కోండి.