రిజిస్ట్రీలో రాసే కమాండ్‌కి అన్‌డూ పెట్టాలంటే

చీమకుర్తిలో ఒక గ్రానైట్ యూనిట్‌కి స్లాబుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తన్నా. ప్రింటర్ పేరు, బిల్లు నంబర్ ముందొచ్చే అక్షరాలు, బిల్లులు సేవ్ అయ్యే ఫోల్డర్, ఇట్టాంటివన్నీ విండోస్ రిజిస్ట్రీలోనే (విండోస్, ప్రోగ్రాములు సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఉంటాయి. వాళ్ల అకౌంటెంట్ ఏదో మారుస్తాడు, సాయంత్రానికి ఫోన్ చేసి "అబ్బాయ్, పాతదే బాగుంది, మళ్లీ అట్టనే పెట్టు" అంటాడు. అందుకే ప్రతి మార్పునీ ఒక కమాండ్ క్లాస్‌గా రాశా, దానికి ఎగ్జిక్యూట్ (మార్పు చేసేది), అన్‌డూ (వెనక్కి తిప్పేది) అని రెండే మెథడ్స్.

పాత విలువ ఎప్పుడు చదవాలనేది ముందు తేల్చుకోవాలి. కమాండ్‌ని తయారుచేసే కన్‌స్ట్రక్టర్‌లో చదవొద్దు, కమాండ్ తయారయ్యాక అది రన్ అయ్యేలోపు ఇంకోటి ఆ ఎంట్రీని మార్చేసి ఉండొచ్చు, ఎగ్జిక్యూట్‌లో రాయబోయే ముందే చదవాలి.

అసలు కిటుకంతా పాత విలువని ఎట్టా దాచుకుంటామనే దాంట్లో ఉంది. ఎంట్రీ లేకపోవడం వేరు, ఎంట్రీ ఉండి ఖాళీగా ఉండటం వేరు. మా ప్రోగ్రామ్‌లో బిల్లు అక్షరాల ఎంట్రీ లేకపోతే డిఫాల్ట్ అక్షరాలు పడతాయి, ఖాళీగా ఉంటే ఉత్త నంబరే పడుద్ది. ముందు లేని ఎంట్రీకి అన్‌డూలో ఖాళీ స్ట్రింగ్ రాశామంటే బిల్లే మారిపోద్ది, అక్కడ డిలీట్ చేయాలి. డాట్‌నెట్‌లో రిజిస్ట్రీ విలువ చదివే గెట్‌వాల్యూ నల్ ఇస్తే ఎంట్రీ లేదని అర్థం, దాన్ని ఖాళీ స్ట్రింగ్‌గా మార్చేసుకోకండి దయచేసి.

టైపు కూడా దాచుకోవాలి. ఫోల్డర్ పాత్‌లో శాతం గుర్తుల మధ్య యూజర్‌ప్రొఫైల్ అని ఉండి అది ఎక్స్‌పాండ్ స్ట్రింగ్ (చదివేటప్పుడు ఆ పేరు బదులు అసలు పాత్ పెట్టే టైపు) అయితే, గెట్‌వాల్యూ మామూలుగా దాన్ని విప్పేసి పూర్తి పాత్ ఇస్తుంది, అన్‌డూ ఆ విప్పిన పాత్‌నే మామూలు స్ట్రింగ్‌గా తిరిగి రాస్తుంది, చూడటానికి అంతా కరెక్టుగానే ఉంటది కానీ ఆ సెట్టింగ్స్ ఇంకో యూజర్‌కో ఇంకో సిస్టమ్‌కో తీసుకుపోయిన రోజు పాత్ దొరకదు. విప్పొద్దని చెప్పే ఆప్షన్ గెట్‌వాల్యూలోనే ఉంది, అది ఇచ్చి, గెట్‌వాల్యూకైండ్‌తో టైపు తీసుకుని రెండూ కలిపి పెట్టుకోవాలి.

టెస్టులకి అసలు రిజిస్ట్రీ ముట్టుకోకుండా ఒక ఇంటర్‌ఫేస్ వెనక డిక్షనరీ (పేరుకి విలువ జతచేసి మెమరీలో దాచుకునేది) పెట్టా. రిజిస్ట్రీ పేర్లలో పెద్దక్షరం చిన్నక్షరం తేడా ఉండదు కాబట్టి డిక్షనరీ కూడా అట్టనే ఉండాలి, లేకపోతే టెస్టులో రెండు ఎంట్రీలు, అసలు దాంట్లో ఒకటే.

సేవ్ నొక్కితే నాలుగైదు సెట్టింగ్స్ ఒకేసారి మారతాయి కదా, వాటన్నిటినీ ఒక పెద్ద కమాండ్‌లో చుట్టి అన్‌డూని చివరి నుంచి మొదటికి నడపాలి. ఒకే ఎంట్రీని రెండు కమాండ్లు మార్చి ఉంటే మొదటిదాని దగ్గరున్న విలువే అసలు పాతది, ఆఖరున రాయాల్సింది దాన్నే.