వయోజనుల వ్యవసాయ శాస్త్ర తరగతి: మొదటి పావుగంట నేను ఎలా నడుపుతాను

పెద్దవాళ్ల తరగతిలో మొదటి పావుగంట బెరుకుగానే ఉంటుంది. ఏళ్లుగా సాగు చేస్తున్నవాళ్లు ఇక్కడ పుస్తకం మాటలే చెబుతారేమో అనుకుంటారు. మట్టి ముట్టనివాళ్లు తమకేమీ తెలియదని బయటపడుతుందేమో అని నోరు విప్పరు. అందుకని బంతి విసురుకునే ఆటలు, వరుసగా లేచి పేర్లు చెప్పడాలు నేను పెట్టను. 24 మంది ఒక్కో నిమిషం మాట్లాడినా 24 నిమిషాలు పోతాయి. పైగా తన వంతు గురించి ఆలోచించుకునే మనిషి పక్కవాళ్ల మాట వినడు. ఆ రోజు పాఠానికి కావలసిన వస్తువునే ముందు చేతిలో పెడితే పరిచయాలు వాటంతట అవే అయిపోతాయి.

నేల పాఠమైతే నాలుగు రకాల మట్టి తెస్తాను: ఇసుక నేల, ఒండ్రు నేల (ఇసుక కంటే సన్నని, పిండిలాంటి రేణువులది), గరప నేల (ఇసుక, ఒండ్రు, బంక కలగలిసినది), బంకనేల. ఆరబెట్టి, రాళ్లు, వేర్లు ఏరేసి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పడతాను. ఒక్కో రకం ఆరు కవర్లలో, కవరుకు గుప్పెడు చొప్పున పోసి, పైన ఏమీ రాయకుండా కలిపేసి పంచుతాను. తమలాంటి మట్టి ఉన్న మిగతా ఐదుగురినీ వెతికి పట్టుకోవడమే పని. కళ్లతో కాదు, వేళ్లతో. కాబట్టి రంగులు మరీ తేడాగా లేని నమూనాలే ఎంచుకోవాలి, లేకపోతే రంగు చూసి నిమిషంలో జట్లు కట్టేస్తారు.

మట్టిని చుక్క చుక్కగా తడిపి, మెత్తని ముద్ద అయ్యేదాకా పిసకాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి పైకి నొక్కుతూ పట్టీలా సాగదీయాలి. ఉండ కట్టినా నిలవకపోతే ఇసుక. పట్టీ 2.5 సెంటీమీటర్ల లోపే తెగితే గరప రకం, 2.5 నుంచి 5 దాకా వస్తే బంక గరప, 5 దాటితే బంక. వేళ్ల మధ్య గరగరలాడకుండా, జిగురు లేకుండా పిండిలా నున్నగా జారితే ఒండ్రు ఎక్కువన్నమాట.

ఇక్కడ ఎక్కువగా చెడేది నీళ్ల దగ్గరే. ఒకేసారి పోస్తే ఏ మట్టైనా జావ అయిపోతుంది, అందుకే పొడిమట్టి కాస్త విడిగా ఉంచుతాను. రెండోది, పిసకడం తక్కువవడం. బంకమట్టిలోని చిన్న గడ్డలు పూర్తిగా నానక ఇసుకలాగే గరగరలాడతాయి, మనిషి తప్పు జట్టులో చేరతాడు. నిమిషం పాటైనా పిసికాకే పట్టీ తీయమంటాను. చేతికి గాయం ఉన్నవాళ్లకు స్కేలు ఇచ్చి పట్టీలు కొలిచే పని అప్పగిస్తాను. గ్లవుజు తొడిగితే స్పర్శ తెలియదు కాబట్టి ఆ దారి పనికిరాదు.

జట్టు కుదిరాక పేరు, తాము ఎరిగిన నేల ఎలాంటిదో ఒక్క ముక్క చెబితే చాలు. ఎంత భూమి ఉందని మాత్రం అడగనివ్వను. ఆ ప్రశ్న పడగానే సొంత భూమి లేనివాళ్లు వెనక్కి తగ్గుతారు, మళ్లీ ముందుకు రావడం కష్టం. అదే ఆరుగురూ తర్వాతి ప్రయోగాల్లోనూ కలిసి పనిచేస్తారు.

తర్వాత మట్టిలో ఇసుక, ఒండ్రు, బంక ఎంతెంత ఉన్నాయో కొలవడానికి జట్టుకో పారదర్శకమైన సీసా ఇచ్చి, మూడో వంతు మట్టి, మెడదాకా నీళ్లు, చెంచాడు సబ్బుపొడి వేయించి ఐదు నిమిషాలు కుదిపిస్తాను. సబ్బుపొడి మానేస్తే బంకరేణువులు ముద్దకట్టి ఒండ్రుతో పాటే కిందికి దిగిపోతాయి, కొలత తప్పుతుంది. సీసా కదలకుండా పెట్టిన నిమిషానికి ఇసుక పేరుకుంటుంది, అక్కడ గీత గీయాలి. సుమారు రెండు గంటలకు ఒండ్రు దిగుతుంది. బంకకు ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

సస్యరక్షణ పాఠానికి బ్యాలెట్ పెట్టె పద్ధతి నాకు చాలా ఇష్టం. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ సాయంతో 1989లో ఇండోనేషియాలో వరి రైతులకోసం మొదలైన క్షేత్ర పాఠశాలల్లో దీన్ని విరివిగా వాడతారు. ఎనిమిది చోట్ల నిజమైన మొక్కలు, పురుగులు పెట్టి, ఒక్కో చోట ఒక ప్రశ్న, మూడు జవాబుల పెట్టెలు ఉంచుతాను; సరైనదనుకున్న జవాబు పెట్టెలో చీటీ వేయాలి. చీటీ మీద పేరు ఉండదు, అంకె మాత్రమే. కాబట్టి చదువు తక్కువని ఎవరూ జంకరు. ప్రశ్న గట్టిగా చదివి వినిపించడానికి ఒక మనిషి ఉండాలి. ఒక్కో చోటికి ఒక నిమిషం.

అక్షింతల పురుగు పిల్లదశను తప్పకుండా పెడతాను: పొడవాటి నల్లని ఒళ్లు, నారింజ మచ్చలు. పెద్ద పురుగును మిత్రుడని గుర్తించేవాళ్లే దీన్ని చీడ పెట్టెలో వేస్తారు. చీటీలు లెక్కపెట్టి చూపగానే వాదన రేగుతుంది. పేనుబంక పురుగులు ఉన్న కొమ్మ మీద దాన్ని వదిలితే, తినడం కళ్లారా చూసి వాళ్లే తేల్చుకుంటారు.

పోషక లోపాలకు ఆకు తుంచి పెట్టకూడదు, వేర్లతో సహా మొక్క తేవాలి. నత్రజని మొక్కలో కదులుతుంది కాబట్టి లోపం కింది ముదురు ఆకుల్లో ముందు కనిపిస్తుంది, ఇనుము కదలదు కాబట్టి లేత ఆకుల్లో. ఒంటి ఆకులో ఆ ఆనవాలే పోతుంది. విత్తనాలు చేతికిచ్చే ఆటలైతే రంగు పూసిన, మందు పట్టించిన విత్తనం అసలు వాడకూడదు.