మా అహోబిలం స్వామి తెర మీద

'మహావతార్ నరసింహ'కి 300 కోట్లు దాటి వచ్చాయంటే నాకు ఆశ్చర్యం లేదు. పెద్ద హీరో లేని యానిమేషన్ సినిమానే, కానీ కర్నూలులో నేను చూసిన ఆటకు ముసలివాళ్లు, చంటిపిల్లలు కూడా వచ్చారు. స్తంభం చీలే సీన్‌లో మా అమ్మ చేతులు జోడించింది. అహోబిలంలో స్వామి చీల్చుకుని వచ్చాడని నమ్మే కొండ శిఖరం, ఉగ్రస్తంభం దాకా ఎక్కొచ్చిన మనిషి, ఆమెకు అది కథ కాదు.

2024 సంక్రాంతికి 'హను-మాన్' కూడా ఇలాగే ఆడింది. 'మహావతార్' వాళ్లయితే 2037 దాకా ఏడు సినిమాల ప్లాన్ ప్రకటించారు. సంతోషమే, కానీ నాకు కాస్త టెన్షన్ కూడా ఉంది. దేవుణ్ని పోస్టర్ మీద పెడితే జనం వచ్చేస్తారనుకుంటే కష్టం. 1997లో 'అన్నమయ్య' ఇచ్చిన రాఘవేంద్రరావు, నాగార్జునలే 2017లో 'ఓం నమో వేంకటేశాయ' చేస్తే వసూళ్లు రాలేదు కదా!

గ్రాఫిక్స్ కంటే ముందు మన ఊళ్లకు రండి. అహోబిలంలో కనుమ నాడు మొదలయ్యే వేట ఉత్సవం పార్వేటలో నరసింహస్వామి పల్లకీలో ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మిని పెళ్లాడినందుకు చెంచులు ఆయన్ను తమవాడిగానే చూసుకుంటారు. ఆ బంధాన్ని ఈ కాలం పిల్లలకు చూపించే సినిమా ఒకటి రావాలని నా కోరిక.