కత్తి కంటే ఒరతోనే ఎక్కువ పని: ఫీల్డ్ నైఫ్ ప్రాజెక్టు ఎంతవరకొచ్చింది

ప్రస్తుతం నా దగ్గరున్నవి ఇవి: 7 అంగుళాల బ్లేడున్న కార్బన్ స్టీల్ కత్తి, దానికి కైడెక్స్‌తో (వేడిచేస్తే మెత్తబడే గట్టి ప్లాస్టిక్ షీటు) నేనే చేసిన ఒర, జేబులో మల్టీటూల్ (స్క్రూడ్రైవరు లాంటివన్నీ మడిచి ఇమిడ్చిన పనిముట్టు), వెబ్బింగ్ బెల్టు, భుజం పట్టీలు, బరువు నింపిన బ్యాగు. సైనికులు కత్తిని ఎలా మోస్తారు, దేనికి వాడతారు అన్నది చదివి ఊరుకోకుండా, బరువు వేసుకుని నడిచి, బోర్లా పడుకుని పాకి, తాళ్లు కోసి చూడాలన్నది సరదా. సినిమాల్లో కత్తి చేసే పనులన్నీ ముందు పక్కన పెట్టేయాలి. ఫీల్డ్‌లో దానికి తగిలే పని తాడు, టేపు, అట్టపెట్టె, ప్లాస్టిక్ పట్టీ, రేషన్ ప్యాకెట్టు. అందుకే ఈ మధ్య నా ధ్యాసంతా బ్లేడు మీంచి ఒర మీదకు మళ్లింది.

ఎక్కడ కట్టుకోవాలి

అందరికీ ముందు తట్టేది కుడి నడుము. ఊరికే నిలబడినంతసేపూ బాగానే ఉంటుంది. బ్యాగు తగిలించుకుని దాని నడుం పట్టీ బిగించగానే పిడి ఆ పట్టీ కింద ఇరుక్కుని పక్కటెముకల్లో పొడుస్తుంది. కూర్చుంటే ఒర అడుగు సీటుకు తగిలి కత్తి మొత్తం పైకి లేస్తుంది. వాహనాల్లో ఎక్కి దిగే సైనికుడికి ఇది మామూలు ఇబ్బంది కాదు. ఒరను బెల్టు కిందకు వేలాడదీస్తే పిడి ఖాళీ అవుతుంది గానీ నడుస్తుంటే తొడకు కొట్టుకుంటుంది. పాత ఒరల అడుగున కనిపించే తాడు దీనికే, తొడకు కట్టుకోవడానికి.

వియత్నాం యుద్ధం ఫోటోల్లో కొందరు అమెరికన్ సైనికులు కత్తిని భుజం పట్టీకి తలకిందులుగా టేపుతో చుట్టుకుని కనిపిస్తారు. పిడి కిందకు ఉంటే చెయ్యి నేరుగా దాని మీదకే పోతుంది, రెండు చేతుల్లో ఏదైనా సరే. నేనూ అలా కట్టి చూశాను. చెయ్యి అందడంలో దాన్ని మించినది లేదు. కాకపోతే కత్తి బరువంతా ఒర పట్టు మీదే ఆధారపడుతుంది. పైగా బోర్లా పడుకుంటే అది ఛాతీకీ నేలకూ మధ్య నలుగుతుంది.

ఇప్పుడు నేను స్థిరపడింది బెల్టు మీద ఎడమవైపు, బొడ్డుకు కాస్త పక్కగా, అడ్డంగా. బ్యాగు పట్టీ తగలదు, కూర్చుంటే లేవదు, ఏ చేత్తోనైనా తీయొచ్చు. పాకేటప్పుడు మాత్రం కొంచెం పక్కకు ఒరగాలి, అది సర్దుకుపోదగ్గదే. పొడవాటి కత్తి అడ్డంగా నప్పదు. 7 అంగుళాల బ్లేడుకు పిడి కూడా కలిస్తే దాదాపు 12 అంగుళాలు, వంగినప్పుడు రెండు కొసలూ తెలుస్తాయి. 5 అంగుళాల బ్లేడైతే చాలనిపిస్తోంది.

మాలీ తరహా సామాను, అంటే జేబులూ ఒరలూ తగిలించడానికి వరసలుగా పట్టీలు కుట్టి ఉండే సైనిక బ్యాగులూ చొక్కాలూ, వాటి మీద కట్టేవాళ్లకు ఒక లెక్క: పట్టీల వెడల్పు 1 అంగుళం, మధ్య ఖాళీ 1 అంగుళం, కుట్లు ఒకటిన్నర అంగుళానికి ఒకటి. ఒరకు వేసే చిల్లులు ఈ కొలతకు తగ్గట్టు లేకపోతే ఎంత బిగించినా ఊగుతుంది.

ఒర

1942లో అమెరికన్ మెరైన్లు తీసుకున్న కా-బార్‌కు తోలు ఒర ఉండేది. 1943లో వాళ్ల సైన్యానికి వచ్చిన ఎం3 కత్తికీ మొదట తోలే, ఆ తర్వాత ఎం8 అనే ప్లాస్టిక్ ఒర వచ్చింది. తోలు చూడముచ్చటగా ఉంటుంది, చప్పుడు చేయదు. కానీ తడి పీల్చుకుని వదలదు. నా కత్తిని వానలో తడిసిన తోలు ఒరలో రాత్రంతా ఉంచితే మర్నాటికి అంచు పొడుగునా నారింజ రంగు చుక్కలు.

ఒరకు ఎన్ని పనులు అప్పగించొచ్చో చూడాలంటే 1986 నాటి అమెరికన్ ఎం9 బాయొనెట్ (తుపాకీ కొసకు తగిలించే కత్తి) చూడాలి. బ్లేడులో ఉన్న రంధ్రాన్ని ఒర కొసనున్న బొడిపెకు తగిలిస్తే రెండూ కలిసి ముళ్ల కంచె తీగ తెంపే కత్తెర అవుతాయి. ఒర వెనకాల సానరాయి కూడా అమర్చారు. తీగ తెంపే ఏర్పాటు సోవియట్ ఏకేఎం రైఫిల్ బాయొనెట్‌కు అంతకుముందే ఉంది. ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవని మనం అనుకుంటాం గానీ గూర్ఖాల ఖుక్రీ ఒరలో మూడుంటాయి: పెద్దది నరకడానికి, కర్దా అనే బుల్లి కత్తి చిన్న పనులకు, పదును లేని చక్మక్ అంచును సరిచేయడానికి. పెద్ద బ్లేడుతో చిన్న పని కాదన్న సంగతి వాళ్లు ఎప్పుడో తేల్చేశారు.

నా ఒర 2 మి.మీ. కైడెక్స్ షీటుతో చేసింది. బ్లేడుకు ముందు మాస్కింగ్ టేపు రెండు పొరలు చుట్టాలి. గీతలు పడవు, లోపల వెంట్రుకవాసి ఖాళీ మిగులుతుంది. షీటును 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తే గుడ్డలా వాలుతుంది. అప్పుడు కత్తి చుట్టూ మడిచి, గట్టి ఫోమ్ మధ్య పెట్టి, చల్లారేదాకా అదిమి ఉంచాలి. మొన దగ్గర నీళ్లు కారడానికి చిన్న కంత తప్పనిసరి. ఒరను బిగించే ఐలెట్లు (బోలు లోహపు రివెట్లు) కత్తి అంచుకు మరీ దగ్గరగా వేస్తే తీసినప్పుడల్లా అంచు లోహానికి గీసుకుంటుంది.

పట్టు సరిపోయిందో లేదో చూడటానికి అంచుకు టేపు చుట్టి, కింద దుప్పటి పరిచి, పిడి కిందకు పెట్టి గట్టిగా కుదుపుతాను. జారకూడదు. అలాగని తీయడానికి కుస్తీ పట్టాల్సి రాకూడదు. పిడి పట్టుకుని బొటనవేలితో ఒర నోటిని తోస్తే ‘టక్’మని వదలాలి. ఆ మొదటి అర అంగుళం వేలితో తోసి తీస్తే చెయ్యి విసురుగా లాగే అవసరం రాదు. విసురుగా లాగినప్పుడే కత్తి పక్కవాడికి తగులుతుంది.

చప్పుడు ఇంకా ఉంది. వేగంగా నడిస్తే పిడి అడ్డపట్టీ ఒర నోటికి తగిలి టిక్కుటిక్కుమంటుంది. సైకిల్ ట్యూబు ముక్క ఒకటి అక్కడ చుట్టాను, చాలావరకు తగ్గింది.

పని

7 అంగుళాల కత్తి ప్యారాకార్డ్ అనే సన్నని నైలాన్ తాడును ఇట్టే కోస్తుంది, గూటం చెక్కుతుంది, వెన్ను మీద దుడ్డుకర్రతో కొడితే మణికట్టు లావు కట్టెను చీలుస్తుంది. కానీ రోజు గడిచేసరికి ఎక్కువసార్లు తీసింది జేబులోని మల్టీటూలే. సైనికుల విషయంలోనూ అంతే అనడానికి స్విస్ సైన్యమే సాక్ష్యం. 1891లో వాళ్ల చేతికొచ్చిన మడత కత్తిలో స్క్రూడ్రైవరు, డబ్బా ఓపెనరు ఉన్నాయి, ఎందుకంటే కొత్త రైఫిల్ విప్పాలి, డబ్బా తిండి తెరవాలి. ఆస్ట్రియా సైన్యానికి గ్లాక్ చేసిన ఫీల్డ్ నైఫ్ అడ్డపట్టీకి సీసా మూత తీసే వంపు పెట్టారు! కొనేవాళ్లు ఎవరు ఏం చేస్తారో కంపెనీకి బాగా తెలుసన్నమాట.

ఒంటి మీదున్న పట్టీ కోసేటప్పుడు మొన లోపలికి పోకుండా, అంచు బయటికి తిప్పి కోయాలి. ఆ పనికి కొక్కెం లాంటి పట్టీ కట్టర్ వేరే ఉంటేనే నయం. మొనతో మూతలు పెకలించడం నేను మానేశాను, ఆ పని మల్టీటూల్ స్క్రూడ్రైవరుది.

సాన పెట్టేది 1000 గ్రిట్ (గరుకుతనం కొలత) రాయి మీద, ఒక్కో పక్కకు 20 డిగ్రీలు. బ్లేడు వెడల్పు 30 మి.మీ. కాబట్టి వెన్ను రాయి నుంచి సుమారు 10 మి.మీ. లేస్తే కోణం కుదిరినట్టే. అంతకంటే పలుచగా చేస్తే కూరగాయలకు భేష్, కట్టె చీల్చినప్పుడు మాత్రం అంచు మడత పడుతుంది.

ఇక మిగిలింది బెల్టు క్లిప్పు స్క్రూల సంగతి. నడకకు ఊడి వదులవుతున్నాయి. ఊడకుండా పట్టే జిగురు, అది కూడా చేత్తో విప్పగలిగే రకం, పూసి ఆరబెట్టాను. అది నిలబడితే 5 అంగుళాల కత్తికి ఒర మొదలుపెడతాను, ఈసారి చిల్లులు మాలీ కొలతకే వేసి.