మెనిండీలో మూడు రాత్రులు: క్యాబిన్‌లో రెండు, టెంట్‌లో ఒకటి

ముందే ఒక మాట చెప్పేస్తా. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ పడమటి వైపున్న సరస్సుల ఊరు మెనిండీ వెళ్దామనుకుంటే క్యాబిన్ బుక్ చేసేముందు సరస్సులో నీళ్ళున్నాయో లేదో చూసుకోండి. జోక్ కాదు, నిజంగానే. ఫోటోలో వరండా ముందే నీళ్ళు మిలమిలా మెరుస్తుంటాయి, మనం వెళ్ళేసరికి ఆ నీళ్ళు అరకిలోమీటరు అవతలికి జరిగిపోయి మధ్యలో బీటలువారిన బురద మాత్రం ఉండొచ్చు. ఇక్కడి సరస్సులు వెడల్పెక్కువ, లోతు తక్కువ, ఎండకి ఆవిరైపోతూనే ఉంటాయి. ఏ సరస్సు ఎంత శాతం నిండిందో వాటర్ ఎన్ఎస్‌డబ్ల్యూ (న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర నీటి సంస్థ) వాళ్ళ సైట్లో ఉంటుంది, రూమ్ రివ్యూలకంటే ముందు అది చూడండి.

మేం వెళ్ళింది జులై స్కూల్ సెలవుల్లో, అక్కడ అది చలికాలం, నేను, మా ఆవిడ, మా బావమరిది, ఇద్దరు పిల్లలు. ఎండాకాలం ఆ ఊసే ఎత్తకండి, మెనిండీలో 1939 జనవరిలో 49.7 డిగ్రీలు రికార్డయ్యింది. సిడ్నీ నుంచి బ్రోకెన్ హిల్ దాదాపు 1,150 కిలోమీటర్లు, మొదటిరోజు కోబార్‌లో పడుకుని రెండోరోజు విల్కానియా మీదుగా వెళ్ళాం. కోబార్ నుంచి విల్కానియా 260 కిలోమీటర్లు, మధ్యలో ఒక రోడ్‌హౌస్ తప్ప ఏమీ లేదు, రోడ్డు పక్కన అడవి మేకలు, ఈమూలు, చచ్చిన కంగారూలు, అంతే. పొద్దుగూకాక మాత్రం డ్రైవ్ చెయ్యకండి, కంగారూలు సరిగ్గా ఆ టైంకే రోడ్డెక్కుతాయి. విల్కానియా నుంచి నది వెంబడి నేరుగా మెనిండీకి మట్టిరోడ్డుంది, దగ్గర కూడా, కానీ మా కారుకి అంత ధైర్యం లేదు, అందుకే బ్రోకెన్ హిల్‌లో ఫుల్ ట్యాంక్ కొట్టించుకుని అక్కణ్ణుంచి తారురోడ్డు మీద 110 కిలోమీటర్లు వెనక్కి వచ్చాం.

ఇక్కడే నేనో పొరపాటు చేశా. బ్రోకెన్ హిల్ ఎన్ఎస్‌డబ్ల్యూలోనే ఉన్నా దాని టైం మాత్రం సౌత్ ఆస్ట్రేలియాది, సిడ్నీ కంటే అరగంట వెనక. నేను తెలివిగా కారు గడియారం ఆ టైంకి మార్చా. మెనిండీ మళ్ళీ సిడ్నీ టైమే, ఆ సంగతి మర్చిపోయా. క్యాబిన్ ఆఫీసు అయిదింటికి మూసేస్తారు, నాలుగూ యాభైకి వచ్చేశాం అని నేను మురిసిపోతుంటే మా బావమరిది ఫోన్ చూసి, "బావా, అయిదూ ఇరవై అయింది" అన్నాడు. పాపం ఆవిడెవరో తాళంచెవి కవర్లో పెట్టి తలుపుకి టేపుతో అంటించి వెళ్ళింది. కవరు మీద మా పేరు, కింద 'హీటర్ బటన్ రెండుసార్లు నొక్కండి' అని.

క్యాబిన్ చిన్నదే. ఒక డబుల్ బెడ్డు, బంక్ బెడ్లు, రెండు బర్నర్ల స్టవ్వు, చిన్న ఫ్రిజ్జు. లినెన్ (దుప్పట్లు, పక్క బట్టలు) ఇవ్వరని బుకింగ్‌లో రాసిందట, మేం చదవలేదు, స్లీపింగ్ బ్యాగులు ఉన్నాయి కాబట్టి బతికిపోయాం. రాత్రి నాలుగైదు డిగ్రీలు, ఆ చలికి పిల్లలతో మొదటిరోజే టెంట్ అంటే కుదరదు, అందుకే నా సలహా ముందు క్యాబిన్, తర్వాతే టెంట్. రెండు రోజులు డ్రైవ్ చేసొచ్చి చీకట్లో పోల్స్ వెతుక్కునే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి.

పొద్దున లేచి చూస్తే మా అదృష్టం, నీళ్ళు బాగానే ఉన్నాయి. నీళ్ళ మధ్యలో ఎండిపోయిన చెట్లు, వందలకొద్దీ, తెల్లగా బూడిదరంగులో నిలబడి ఉన్నాయి, ఒక్కో కొమ్మ మీద ఒక్కో నీటికాకి, కింద పెలికాన్లు ఏ చప్పుడూ లేకుండా తేలుతున్నాయి. ఈ సరస్సులు అసలు సహజంగా ఏర్పడినవే, డార్లింగ్ నదికి వరదొస్తే నిండేవి, వరద తగ్గితే నీళ్ళు మళ్ళీ నదిలోకి వెళ్ళిపోయేవి. 1949లో పని మొదలుపెట్టి, కట్టలూ గేట్లూ కట్టి 1968కల్లా రిజర్వాయర్లుగా మార్చారు. ఎప్పుడూ నీళ్ళల్లో నానేసరికి ఆ చెట్లు చచ్చిపోయాయి, ఫోటోలో అంత అందంగా కనిపించేది అదే. పెద్దాడు ఒడ్డు గట్టిగా ఉందనుకుని పరిగెత్తాడు, పైన పెచ్చు పటుక్కుమని విరిగి కాలు చీలమండ దాకా బురదలో దిగింది, బూటు రావడానికి పది నిమిషాలు పట్టింది.

చేపల సంగతి ఊళ్ళో ఎవరితో మాట్లాడినా వస్తుంది. 2018 చివర్లో, 2019 మొదట్లో లక్షల్లో చచ్చాయి, 2023 మార్చిలో అయితే కోట్లలో, ఎక్కువగా బోనీ బ్రీమ్ అనే ఇక్కడి చేపలు, నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయి. నది మీద తెల్లగా తివాచీ పరిచినట్టు తేలిన ఆ ఫోటోలు మీరూ చూసే ఉంటారు. ఇక్కడి మూలవాసులైన బర్కంజీ వాళ్ళు నదిని బార్కా అంటారు, వాళ్ళ పేరుకి అర్థమే నది మనుషులని. 2015లో వాళ్ళకి నేటివ్ టైటిల్ (తాతలనాటి నేల మీద హక్కుకి చట్టపరమైన గుర్తింపు) వచ్చింది, కానీ నదిలో నీళ్ళు ఎంత ఉండాలో ఎగువన పత్తి పొలాల దగ్గర తేలిపోతుందని చాలామంది బాధ. నాకైతే ఆ బాధలో న్యాయం ఉందనే అనిపించింది.

మూడోరాత్రి కించెగా నేషనల్ పార్కులో నది ఒడ్డున టెంట్. సైటు ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి, పార్కులో కట్టెలు ఏరకూడదు, బయట కొనుక్కెళ్ళాలి, తాగే నీళ్ళు కూడా మీవే. చేపలు పట్టాలంటే లైసెన్స్ ఫీజు ఉంది, మా బావమరిది కట్టాడు, మూడుగంటలు కూర్చుని ఒక్క కార్ప్ పట్టాడు. దారిలో పాత వూల్‌షెడ్ (గొర్రెల ఉన్ని కత్తిరించే షెడ్డు) చూడండి, 1875లో కట్టింది, 1967 దాకా అరవై లక్షల గొర్రెల ఉన్ని తీశారట. లోపల చెక్కలు చేత్తో తడిమితే ఇప్పటికీ జిడ్డుజిడ్డుగా నున్నగా ఉన్నాయి, ఉన్ని నూనె పట్టి.

టెంట్ వేసింది ఒక పెద్ద రివర్ రెడ్ గమ్ (ఒకరకం యూకలిప్టస్ చెట్టు) కింద, నీడ బాగుందని. టెంట్ మేకులన్నీ కొట్టి అలసిపోయి కూర్చున్నాక పక్క కారవాన్ పెద్దాయన వచ్చి పైకి చూపించాడు. ఈ చెట్లు గాలి లేకపోయినా ఉన్నట్టుండి పెద్ద పెద్ద కొమ్మలు రాల్చేస్తాయట, వాటిని ఇక్కడ విడో మేకర్, అంటే ఆడవాళ్ళని విధవల్ని చేసేది, అంటారు. మా ఆవిడ ఆ మాట విన్న మరుక్షణమే మేకులు పీకడం మొదలెట్టింది. చీకట్లో టెంట్ అలాగే ఎత్తిపట్టుకుని నలభై అడుగులు ఖాళీ స్థలంలోకి జరిపాం. తర్వాత రాత్రంతా చెవులు రిక్కించుకుని పడుకున్నా, ఒక్క పుల్ల కూడా పడలేదు. ఒక్కసారి మాత్రం బయటికి వచ్చా, పాలపుంత ఒక ఒడ్డున మొదలై రెండో ఒడ్డు వెనక దిగిపోతోంది, నీళ్ళల్లో కూడా చుక్కలు కనిపించాయి. సరస్సా నదా అంటే నేను నదికే ఓటేస్తా.

ఆస్ట్రేలియా లోపలి భాగాల్ని అన్వేషించడానికి బయల్దేరిన బర్క్, విల్స్ 1860 అక్టోబర్‌లో ఇక్కడికే వచ్చారు. బర్క్‌కి ఓపిక లేక మనుషుల్లో చాలామందినీ సామాన్లనీ ఇక్కడే వదిలేసి ముందుకెళ్ళిపోయాడు, మరుసటేడు ఇద్దరూ కూపర్ క్రీక్ దగ్గర ప్రాణాలొదిలారు. ఈ కథ చెప్తుంటే మా బావమరిది "నీలాంటోడే బావా" అన్నాడు.

నాలుగోరోజు పొద్దున పడమర మబ్బులు. వాన పడితే పార్కులో మట్టిరోడ్లు మూసేస్తారు, మూసిన రోడ్డు మీద నడిపితే ఫైన్. ఇంకో రాత్రికి బుకింగ్ ఉంది, అయినా పెద్దాయన "వెళ్ళిపోండి" అన్నాడు, టెంట్ అలాగే చుట్టి డిక్కీలో కుక్కేశాం. తారురోడ్డెక్కిన పావుగంటకి చినుకులు మొదలయ్యాయి.

కారు గడియారం అలాగే బ్రోకెన్ హిల్ టైంలో ఉండిపోయింది. సోమవారం సిడ్నీలో మా ఆవిడ అది చూసుకుని తీరిగ్గా ఆఫీసుకెళ్ళి అరగంట లేటయ్యింది, ఇంకా నన్నే తిడుతోంది.